షేకర్ హైట్స్ ఎలాంటి ఊరు? క్లీవ్‌లాండ్ వైపు ఉన్నవాళ్లు చెప్పండి

ఆముదాలవలస_అబ్బాయి:

అందరికీ నమస్కారం. మా ఆవిడకి క్లీవ్‌లాండ్‌లో ఒక ఆసుపత్రిలో ఫెలోషిప్ వచ్చింది. జూన్ ఆఖరుకల్లా డాలస్ నుంచి మారిపోవాలి. పాపకి మూడేళ్లు. ఇళ్లు వెతుకుతుంటే షేకర్ హైట్స్ అనే ఊరు పదేపదే తగులుతోంది. ఏటవాలు పలకరాతి కప్పులు, ఇటుక పొగగొట్టాలు, ఇంటి ముందు వందేళ్ల ఓక్ చెట్లు. ధర చూస్తే ఆ డబ్బుకి డాలస్‌లో మంచి టౌన్‌హోమ్ కూడా రాదు. ఎక్కడో మెలిక ఉందని నా అనుమానం. ఏజెంటుని అడిగితే "చాలా చరిత్ర ఉన్న ఊరండీ" అని మాట దాటేస్తున్నాడు. ఆ చరిత్రేదో మీరైనా చెప్పండి. స్కూలు రేటింగులు నేను చూసుకున్నాను, వాటి లింకులు పెట్టకండి, దణ్ణం పెడతాను.

సోలన్_సుబ్బడు:

మెలిక పేరు ప్రాపర్టీ టాక్స్. ఒహాయో మొత్తం మీద బాగా ఎక్కువగా ఉండే ఊళ్లలో అదొకటి. ఇంటి ధర చూసి మురిసిపోకుండా నెలకి మార్ట్‌గేజ్, టాక్స్ కలిపి ఎంతవుతుందో లెక్కేసుకోండి. పైగా సిటీ ఇన్‌కమ్ టాక్స్ 2.25 శాతం. అలాంటి పన్ను లేని టెక్సాస్ నుంచి వస్తున్నారుగా, మొదటి పేస్లిప్ చూసి గుండె పట్టుకుంటారు. హాయిగా మా సోలన్ వచ్చేయండి, ఇదీ క్లీవ్‌లాండ్ శివారే. కొత్త ఇళ్లు, మనవాళ్లు బోలెడు మంది.

ర్యాపిడ్_రాజు:

సుబ్బడు గారూ, సోలన్‌లో సిటీ టాక్స్ 2 శాతం ఉన్న సంగతి కూడా చెప్పండి మరి. రైలు లేని సంగతీ చెప్పండి.

పాతకాపు:

అబ్బాయీ, నేను ఈ చుట్టుపక్కలే ఉంటున్నాను, 80ల నుంచి. పన్నెందుకు ఎక్కువో చెప్పాలంటే ఊరెలా పుట్టిందో చెప్పాలి. కాస్త ఓపిగ్గా చదువు.

1822లో రాల్ఫ్ రస్సెల్ అనే ఆయన ఇక్కడ షేకర్ల సమూహం ఒకటి మొదలుపెట్టాడు. ఇంగ్లండ్ నుంచి 1774లో వచ్చిన ఆన్ లీ అనే ఆవిడ బోధలు నమ్మే క్రైస్తవ శాఖ అది. ప్రార్థనలో ఊగిపోతూ నాట్యం చేసేవాళ్లు కాబట్టి జనం పెట్టిన పేరు అలా ఉండిపోయింది. సొంత ఆస్తి లేదు, అంతా ఉమ్మడి. ఆడవాళ్లకీ మగవాళ్లకీ పెత్తనంలో సమాన వాటా. కాకపోతే పెళ్లిళ్లు లేవు, పిల్లల్లేరు, అందరూ బ్రహ్మచర్యమే. ఈ స్థావరానికి నార్త్ యూనియన్ అని పేరు. డోన్ బ్రూక్ అనే వాగుకి ఆనకట్టలు కట్టి మిల్లులు నడిపారు. రంపపు మిల్లు, పిండి మిల్లు, ఉన్ని మిల్లు. చీపుర్లు, విత్తనాలు అమ్మేవారు. ఇవాళ జనం వాకింగ్‌కి వెళ్లే షేకర్ లేక్స్ ఆ ఆనకట్టల వెనక నిలిచిన నీళ్లే.

పిల్లల్లేని సమూహానికి కొత్తవాళ్లు వచ్చి చేరుతుంటేనే మనుగడ. అంతర్యుద్ధం తర్వాత ఫ్యాక్టరీలు వచ్చాయి, కుర్రకారు రావడం మానేశారు. 1889లో మిగిలిన ముసలివాళ్లు మూటాముల్లె సర్దుకుని ఒహాయోలోనే ఉన్న వేరే షేకర్ స్థావరాలకి వెళ్లిపోయారు. 1,366 ఎకరాలు 3,16,000 డాలర్లకి అమ్ముడయ్యాయి. కొన్నవాళ్లు, వాళ్ల దగ్గర మళ్లీ కొన్న బఫెలో వ్యాపారులు, ఎవరూ పెద్దగా చేసిందేమీ లేదు. చెరువుల చుట్టూ ఉన్న స్థలాన్ని మాత్రం పార్కు కోసమని క్లీవ్‌లాండ్ నగరానికి ఇచ్చేశారు. ఇది గుర్తుపెట్టుకో, తర్వాత పనికొస్తుంది.

అప్పుడు వచ్చారు వాన్ స్వెరింజెన్ సోదరులు. మిగతాది భోంచేసి రాస్తా.

మిషిగన్_మావయ్య:

సీరియల్‌కి బ్రేక్ ఇచ్చినట్టు ఇచ్చారు కదండీ.

ర్యాపిడ్_రాజు:

పాతకాపు గారు భోంచేసేలోగా రైలు భాగం నేను చెప్పేస్తాను, అది నా ఇలాకా.

ఒరిస్ వాన్ స్వెరింజెన్, మాంటిస్ వాన్ స్వెరింజెన్. అన్న 1879లో, తమ్ముడు 1881లో పుట్టారు. పేద కుటుంబం. చదువు ఎనిమిదో తరగతితో సరి. చిన్నప్పుడు పేపర్లు వేసిన కుర్రాళ్లు రియల్ ఎస్టేట్‌లో దిగి, 1900ల మొదట్లో ఈ షేకర్ల భూమి మీద కన్నేశారు. గుట్ట మీద ఊరు, కింద క్లీవ్‌లాండ్ పొగ, మసి. పైన ఇల్లు కట్టుకోమంటే డబ్బున్నవాళ్లు ఎగిరి గంతేస్తారు. అయితే పొద్దున్నే ఆఫీసుకి దిగేదెలా? ట్రామ్ ఉన్నా నత్తనడక. అందుకని సొంతంగా రైలు వేద్దామనుకున్నారు. డౌన్‌టౌన్‌లోకి చేరడానికి నికెల్ ప్లేట్ రైల్వే వాళ్ల దారి పక్కన కొంచెం జాగా కావాలి. 1916లో ఆ రైల్వే కంపెనీనే కొనేశారు. 85 లక్షల డాలర్లు, సింహభాగం అప్పే. నాలుగైదు మైళ్ల దారి కోసం షికాగో దాకా వెళ్లే రైల్వేని కొన్నారన్నమాట.

1920 ఏప్రిల్ 11న షేకర్ ర్యాపిడ్ మొదలైంది. ఇప్పుడు గ్రీన్ లైన్, బ్లూ లైన్ అంటున్నది అదే. షేకర్ బూలెవార్డ్ మధ్యలో పచ్చిక పరిచిన వెడల్పాటి పట్టీ, అందులో పట్టాలు, అటూ ఇటూ రోడ్డు, దాని పక్కన మేడలు. పట్టాలు వేసే చోటు వదిలిపెట్టే రోడ్డు ప్లాన్ గీయించారు. ఎవరి ఇంటి నుంచైనా స్టేషన్‌కి నడిచి వెళ్లేలా వీధులు మలుపు తిప్పారు.

అక్కడితో ఆగారా అంటే లేదు. రైలు దిగే చోట టెర్మినల్ టవర్ కట్టారు. 52 అంతస్తులు, 708 అడుగులు. 1930లో ప్రారంభోత్సవం జరిగినప్పటి నుంచి 1964 వరకూ అమెరికాలో న్యూయార్క్ బయట అంత ఎత్తు భవనం ఇంకోటి లేదు. ఒక రైల్వే కొన్నవాళ్లు వరసపెట్టి కొంటూ పోయి 30 వేల మైళ్ల దాకా పట్టాలు చేతిలో పెట్టుకున్నారు. అంతా అప్పుల మీద అప్పులు. మాంద్యం వచ్చింది, 1935లో సామ్రాజ్యం వేలానికి వెళ్లింది. తమ్ముడు 1935లో, అన్న 1936లో పోయారు.

పాతకాపు:

రాజు మంచి భాగమంతా చెప్పేశాడు. నేను ఊరి కథకి వస్తా. అన్నట్టు ఈ అన్నదమ్ములు కూడా బ్రహ్మచారులే. 50కి పైగా గదులున్న బంగళా కట్టుకుని ఇద్దరూ ఒకే గదిలో రెండు మంచాలేసుకుని పడుకునేవాళ్లట. మొదట వచ్చినవాళ్లూ పెళ్లి వద్దన్నవాళ్లే, తర్వాత వచ్చినవాళ్లూ పెళ్లి చేసుకోనివాళ్లే. అలాంటి ఊరు ఇవాళ బడులు చూపించి పేరు తెచ్చుకుంది!

1912 నాటికి విలేజ్ అయింది, 1931లో సిటీ అయింది. మొత్తం ఆరు చదరపు మైళ్ల పైచిలుకు. వాన్ స్వెరింజెన్ కంపెనీ స్థలం అమ్మితే దస్తావేజులో షరతులు కూడా అమ్మేది. ఇల్లు ట్యూడర్, కొలోనియల్, ఫ్రెంచ్ పద్ధతుల్లోనే ఉండాలి. ఆర్కిటెక్టు గీసి ఉండాలి. రోడ్డు నుంచి ఎంత వెనక్కి కట్టాలి, రంగేమిటి, అన్నీ వాళ్లు ఒప్పుకోవాలి. ఫ్యాక్టరీలు వద్దు. కొట్లు కూడా అంచుల్లోనే.

నీకు చూపించాల్సిన వీధి విన్స్లో రోడ్. రెండు కుటుంబాలుండే ఇళ్లు అవి, కింద ఒకరు పైన ఒకరు. అయినా వీధిలో నిలబడి చూస్తే ఒక్క కుటుంబం ఇల్లే అనిపించాలని రూలు. అందుకని ముందు ఒక్కటే తలుపు కనిపిస్తుంది. రెండో తలుపు ఆ గుమ్మం లోపలో, పక్కనో ఉంటుంది. అద్దెకుండేవాళ్లున్నారన్న సంగతి దారిన పోయేవాళ్లకి తెలియకూడదన్నమాట! చెత్తడబ్బా రోడ్డు మీద కనిపించడం కూడా నామోషీయే. చాలా ఏళ్లపాటు సిటీ మనుషులు చిన్న చిన్న బండ్ల మీద ఇంటి వెనక్కి వచ్చి చెత్త తీసుకెళ్లేవాళ్లు.

ఇక నీ టాక్స్ మాట. బడికి డబ్బు ప్రాపర్టీ టాక్స్ నుంచి రావాలి. పక్క ఊళ్లలో ఫ్యాక్టరీలు, ఆఫీసులు, మాల్స్ కొంత మోస్తాయి. ఇక్కడ అవి రానివ్వలేదుగా, భారమంతా ఇళ్ల మీదే. దానికి తోడు ఒహాయోలో 1976 నాటి చట్టమొకటుంది. ఇళ్ల విలువ పెరిగినంత మాత్రాన ఓటర్లు ఒప్పుకున్న పన్ను రాబడి పెరగదు. అందుకే స్కూలు వాళ్లు నాలుగేళ్లకోసారో అయిదేళ్లకోసారో మళ్లీ ఓటర్ల ముందు నిలబడాలి. ఈ ఊరివాళ్లు తరచుగా సరే అంటూ వచ్చారు. వాన్ ఏకెన్ రోడ్డు, వారెన్స్‌విల్ రోడ్డు కలిసే చోట 2018లో వచ్చిన కొత్త షాపులు, ఆఫీసులు, అపార్టుమెంట్లు ఈ లోటు కొంత పూడ్చడానికే.

ఓరుగల్లు_పిల్ల:

పాతకాపు అంకుల్, మంచిగ చెప్పారు. కానీ దస్తావేజు షరతుల్లో అసలుది వదిలేశారు. నేను ఇక్కడే అర్బన్ ప్లానింగ్ చదువుతున్నాను, ఈ ఊరి మీద పేపర్ కూడా రాశాను. అందుకే ఊరుకోలేకపోతున్నా.

1925లో ఎడ్వర్డ్ బెయిలీ అనే నల్లజాతి డాక్టరు హంటింగ్టన్ రోడ్‌లో ఇల్లు కొన్నారు. జనం గుంపు కట్టి రాళ్లు రువ్వారు. కాపలాకని పెట్టిన పోలీసులు ఆ ఇంటికి వచ్చిపోయేవాళ్లనే సోదా చేశారు. ఆ కుటుంబం చివరికి వెళ్లిపోయింది. ఆ వెంటనే దస్తావేజుల్లో కొత్త షరతు వచ్చింది: ఇల్లు ఎవరికి అమ్మాలన్నా కంపెనీ ఒప్పుకోవాలి, లేదా చుట్టూ ఉన్న ఇళ్లవాళ్లు ఒప్పుకోవాలి. అందులో జాతి పేరు, మతం పేరు రాయనక్కర లేదు. నల్లవాళ్లు, యూదులు దరఖాస్తు పెడితే ఎవరూ ఒప్పుకోరు, అంతే. మన ఊళ్లలో టు-లెట్ బోర్డు మీద "వెజిటేరియన్ ఓన్లీ" అని రాస్తారు చూడండి, చదివేవాడికి సంగతి అర్థమైపోతుంది, గదే పద్ధతి.

కిటికీ రంగు మీద రూలు పెట్టిన చేత్తోనే పక్కింట్లో ఎవరుండాలన్న రూలు కూడా పెట్టారు. అందం వేరు, వివక్ష వేరు అని విడదీసి చెప్పుకుంటే కథ సగమే చెప్పినట్టు.

ఆముదాలవలస_అబ్బాయి:

ఏజెంటు మింగేసింది ఇదన్నమాట. మరి ఇప్పుడు ఊళ్లో మూడో వంతు పైన నల్లజాతి వాళ్లున్నారని సెన్సస్ చెబుతోంది కదా, అదెలా జరిగింది?

ఓరుగల్లు_పిల్ల:

ఆ కథ ఇంకా గట్టిది. 1948లో సుప్రీం కోర్టు ఇలాంటి జాతి షరతుల్ని కోర్టులు అమలు చేయకూడదని తీర్పిచ్చింది. 50లలో నల్లజాతి డాక్టర్లు, లాయర్లు లడ్లో అనే పేటలో ఇళ్లు కొనడం మొదలుపెట్టారు. లడ్లో ఒక తమాషా పేట. సగం క్లీవ్‌లాండ్ హద్దులో, సగం షేకర్ హద్దులో ఉంటుంది. కానీ పేట మొత్తం షేకర్ స్కూల్ డిస్ట్రిక్టులోకే వస్తుంది.

1956 జనవరిలో జాన్ పెగ్ అనే నల్లజాతి లాయరు కట్టుకుంటున్న ఇంటి గరాజ్‌లో బాంబు పేలింది. ఇలాంటిది జరిగితే అమెరికా నగరాల్లో ఆ రోజుల్లో జరిగేది ఒక్కటే. రియల్ ఎస్టేట్ వాళ్లు తెల్లవాళ్ల తలుపులు కొట్టి "ధర పడిపోతుంది, ముందే అమ్మేయండి" అని భయపెడతారు, పదేళ్లలో పేట మొత్తం మారిపోతుంది. క్లీవ్‌లాండ్ తూర్పు వైపంతా అదే జరిగింది. లడ్లోలో మాత్రం కొందరు నల్ల, తెల్ల ఇరుగుపొరుగు వాళ్లు ఒకరిళ్లల్లో ఒకరు కూర్చుని మాట్లాడుకున్నారు. 1957లో లడ్లో కమ్యూనిటీ అసోసియేషన్ పెట్టారు. "మేం అమ్మం, పారిపోం" అన్నారు. అంతటితో ఊరుకోలేదు. కొత్తగా కొనేవాళ్లని వాళ్లే వెతికి, ఇళ్లు వాళ్లే చూపించారు. డబ్బు తక్కువైతే సెకండ్ మార్ట్‌గేజ్, అంటే బ్యాంకు రుణం పైన ఇంకో అప్పు కూడా ఇచ్చారు. నిధుల కోసం 60లలో జాజ్ గాయని ఎల్లా ఫిట్జ్‌జెరాల్డ్ వచ్చి కచేరీ చేసింది. మోర్లాండ్, లోమండ్ పేటలు కూడా ఇదే దారి పట్టాయి. 1967లో సిటీ, స్కూళ్లు కలిసి హౌసింగ్ ఆఫీసే పెట్టాయి.

సోలన్_సుబ్బడు:

చాలా గొప్పగా ఉంది. ఒక చిన్న సందేహం. ఆ సెకండ్ మార్ట్‌గేజ్ ఎవరికి ఇచ్చారు?

ఓరుగల్లు_పిల్ల:

సరైన చోట గిచ్చారు. లడ్లోలో ఇచ్చింది తెల్లవాళ్లకే. నల్లవాళ్లు ఎలాగూ వస్తున్నారు, తెల్లవాళ్లు రావడం ఆగిపోతే పేట ఒక రంగైపోతుంది కాబట్టి వాళ్లకి ప్రోత్సాహం. తర్వాత 1986 ప్రాంతంలో వచ్చిన ఫండ్ రెండు వైపులా ఇచ్చింది, తెల్లవాళ్లు ఎక్కువున్న పేటకి వెళ్లే నల్లవాళ్లకి కూడా. కానీ మొదట్లో నల్లజాతి కుటుంబాలకి కడుపు మండింది. మేం డబ్బు పోసి కొన్నాం, వాళ్లకి అప్పిచ్చి మరీ పిలుస్తారా అని. వాళ్ల పక్షాన మాట్లాడితే తప్పేముంది?

పాతకాపు:

తప్పేం లేదమ్మా. కానీ ఆ పని చేయకపోతే ఏమయ్యేదో కూడా చూడు. అవతల క్లీవ్‌లాండ్ పేటలు మౌంట్ ప్లెజెంట్, లీ-హార్వర్డ్ వైపు వెళ్లి అక్కడ పాతవాళ్లని అడుగు, ఎన్నేళ్లలో పేట మొత్తం మారిందో చెబుతారు. లడ్లో వాళ్లు దొరికిన పనిముట్టుతో పని కానిచ్చారు. న్యాయంగా ఉందా అంటే, పూర్తిగా లేదు. పనిచేసిందా అంటే, చేసింది. నేను వచ్చినప్పుడు కలిసి ఉన్న పేట ఒహాయోలో ఇంకెక్కడ చూపించారు నాకు?

ఓరుగల్లు_పిల్ల:

పనిచేసింది అంకుల్, ఒప్పుకుంటా. కానీ అదే 70లలో దక్షిణం వైపు సరిహద్దులో క్లీవ్‌లాండ్ వీధుల నుంచి కార్లు రాకుండా అడ్డుగోడలు పెట్టింది కూడా ఈ ఊరే. ట్రాఫిక్ తగ్గించడానికి అన్నారు. అవతల ఉన్నది నల్లజాతి పేట. వాళ్లు దానికి బెర్లిన్ గోడ అని పేరు పెట్టారు. ఊళ్లోకి వచ్చిన నల్లవాళ్లతో కలిసి ఉంటాం, గీత అవతలున్నవాళ్లు మాత్రం రాకూడదు. ఇక్కడ జాతి ఎక్కడ ఆగుతుందో, డబ్బు ఎక్కడ మొదలవుతుందో చెప్పడం కష్టం.

ఆముదాలవలస_అబ్బాయి:

మరి స్కూళ్లలో కలిశారా? రేటింగులు వద్దన్నాను గానీ ఇది వేరే ప్రశ్న.

ఓరుగల్లు_పిల్ల:

1970లో షేకర్ స్కూల్స్ ప్లాన్ అని పెట్టారు. నల్ల, తెల్ల పిల్లలు కలవాలని బస్సుల్లో వేరే పేటల బళ్లకి పంపడం, బోస్టన్‌లో కోర్టు ఆర్డరిస్తే గొడవలైన ఆ పద్ధతిని ఇక్కడ తల్లిదండ్రులు స్వచ్ఛందంగా మొదలుపెట్టారు, అదీ బోస్టన్ కంటే ముందే. తెల్లపిల్లలు కొందరు నల్లపిల్లలు ఎక్కువున్న మోర్లాండ్ బడికి వెళ్లారు, మోర్లాండ్ పిల్లలు కొందరు వేరే బళ్లకి. హైస్కూలు పిల్లలు 1983లో జాతి సంబంధాల మీద ఒక బృందం పెట్టుకున్నారు, ఇప్పటికీ చిన్న తరగతుల పిల్లల దగ్గరికి వెళ్లి మాట్లాడతారు.

బిల్డింగ్‌లో కలిసినా క్లాసులో కలవలేదు. అడ్వాన్స్‌డ్ క్లాసుల్లో తెల్లపిల్లలు ఎక్కువ, మామూలు క్లాసుల్లో నల్లపిల్లలు ఎక్కువ. ఇది ఎందుకిలా ఉందో చూడమని నల్లజాతి తల్లిదండ్రులే 90ల చివర్లో జాన్ ఓగ్బు అనే ఆంత్రొపాలజీ ప్రొఫెసర్‌ని బర్కిలీ నుంచి పిలిపించారు. ఆయన ఇంట్లో వాతావరణం మీద, పిల్లల ప్రయత్నం మీద ఎక్కువ బరువు పెట్టి రాసేసరికి పిలిచినవాళ్లలోనే చాలామందికి నచ్చలేదు. 2020లో స్కూళ్లు చాలా క్లాసుల్లో ఈ విభజన తీసేశాయి. దాని మీద వాదన ఇంకా నడుస్తూనే ఉంది.

మోడరేటర్:

చర్చ బాగుంది. ఒక సభ్యుడు జాతి గురించి పెట్టిన రెండు వాక్యాల పోస్టు తీసేశాను. ఆయనకి విడిగా రాశాను. కొనసాగించండి.

మిషిగన్_మావయ్య:

మిషిగన్‌లో నోవై అనే ఊళ్లో ఉన్న నాకు ఈ గొడవలేవీ తెలియవు. అక్కడ పొలాలు దున్ని సబ్‌డివిజన్లు వేశారు, మనం వచ్చి చేరాం. అబ్బాయ్, నీ పాప మాట అడుగుతా. 1920ల ఇల్లంటే పెయింట్‌లో సీసం ఉండే అవకాశం చాలా ఎక్కువ. 1978కి ముందు కట్టిన ఏ ఇంట్లోనైనా ఉండొచ్చు. కిటికీలు పైకీ కిందకీ జరిపినప్పుడు రాలే పొడి పిల్లల నోట్లోకి వెళ్తుంది. కొనేముందు లెడ్ టెస్టు చేయించడం మరిచిపోవద్దు.

పాతకాపు:

మావయ్య మాట నిజం. పలకరాతి కప్పు ఎంత అందమో, మరమ్మతు అంత ఖరీదు. అది చేసే పనివాళ్లు కూడా తక్కువ. చాలా ఇళ్లలో రేడియేటర్ వేడి, డక్టులుండవు. జూలైలో ఏసీ సంగతి ముందే ఆలోచించుకో. ఇంకొకటి, ఇక్కడ ఇల్లు అమ్మేటప్పుడు సిటీ ఇన్‌స్పెక్టరు వచ్చి చూసి జాబితా రాస్తారు. రెయిలింగ్, గట్టర్, డ్రైవ్‌వే పగుళ్లు, గరాజ్ తలుపు, ఏదీ వదలరు. అమ్మేవాళ్లు బాగు చేయించాలి, లేదా కొనేవాళ్లు ఆ పనికి డబ్బు ఎస్క్రోలో, అంటే మధ్యవర్తి ఖాతాలో పెట్టాలి. ఆ జాబితా అడిగి తీసుకో. ఇంటి జాతకమంతా అందులో ఉంటుంది.

సోలన్_సుబ్బడు:

చూశారా, వాన్ స్వెరింజెన్‌లు పోయినా వాళ్ల దెయ్యం ఇన్‌స్పెక్టరు రూపంలో తిరుగుతోంది.

పాతకాపు:

ఆ దెయ్యం లేకపోతే వందేళ్ల ఇళ్లు ఇలా నిలబడవు సుబ్బడూ. పక్కనున్న క్లీవ్‌లాండ్ పేటల్లో అంతే బాగా కట్టిన ఇళ్లు ఎన్ని ఖాళీ అయి కూలిపోయాయో చూడలేదా?

ఇందాక చెరువుల చుట్టూ స్థలం క్లీవ్‌లాండ్‌కి ఇచ్చారని గుర్తుపెట్టుకోమన్నాను కదా. 1963లో కౌంటీ ఇంజనీరు ఆల్బర్ట్ పోర్టర్ ఆ చెరువుల మీదుగా క్లార్క్ ఫ్రీవే వేస్తామన్నాడు. ఇంకో ఫ్రీవే ఉత్తర దక్షిణంగా వచ్చి దాన్ని చెరువుల దగ్గరే కలుస్తుందట, అక్కడ ఇంటర్‌చేంజ్. పార్కు స్థలమైతే ఇళ్లు ఎక్కువ కొనక్కర లేదని లెక్క. ఊళ్లో గొడవ మొదలైతే, "రెండు పైసల బాతుల చెరువు" అన్న అర్థం వచ్చేలా కొట్టిపారేశాడు.

అంతే, గార్డెన్ క్లబ్బుల ఆడవాళ్లు నడుం బిగించారు. గులాబీ మొక్కల పోటీలు పెట్టుకునే క్లబ్బులు ముప్పైకి పైగా ఒక్కటయ్యాయి. మీటింగులు, ఉత్తరాలు, రాష్ట్ర రాజధాని కొలంబస్‌కి ప్రయాణాలు. ఉత్త నిరసనతో సరిపెట్టలేదు. ఇంటర్‌చేంజ్ రావాల్సిన చోట 1966లో నేచర్ సెంటర్ పెట్టేశారు, బడిపిల్లలు వచ్చి పురుగూ పుట్రా చూసుకునేందుకు. పిల్లల బడి పీకి రోడ్డు వేయడం ఏ నాయకుడికైనా కష్టమే కదా! 1970లో గవర్నరు జేమ్స్ రోడ్స్ ఆ ఫ్రీవేని పక్కన పెట్టేశాడు. నేచర్ సెంటర్ ఇప్పటికీ ఉంది. చెక్కవంతెన మీద మీ పాపని నడిపించు.

ఓరుగల్లు_పిల్ల:

ఆ ఆడవాళ్లకి సెల్యూట్. అదే 60లలో క్లీవ్‌లాండ్ లోపల పేదల పేటల మీదుగా ఫ్రీవేలు దర్జాగా వచ్చాయి, అక్కడ ఇళ్లు కోల్పోయినవాళ్లకి గార్డెన్ క్లబ్బు లేదు, గవర్నరు తెలియదు. అంతే చెప్పదలిచాను.

త్యాగయ్య_ఫ్యాన్:

ఇంత చర్చలో షేకర్ లేక్స్‌లో ఒకటైన హార్స్‌షూ లేక్ మాట ఎవరూ ఎత్తలేదేం? ఏటా ఈస్టర్ రోజుల్లో త్యాగరాజ ఆరాధనకి క్లీవ్‌లాండ్ వస్తుంటాం. షేకర్ వైపు చుట్టాలింట్లో దిగి, ఆ చెరువు చుట్టూ నడిచేవాళ్లం. ఒకసారి వెళితే నీళ్లే లేవు, గడ్డి మొలిచింది.

పాతకాపు:

1852లో షేకర్లు కట్టిన మట్టి ఆనకట్ట అది. వరదొస్తే తెగుతుందని రాష్ట్రం వాళ్లు హెచ్చరించాక 2019 నాటికి ఖాళీ చేశారు. 2021లో మురుగునీటి సంస్థ, ఆనకట్ట మళ్లీ కట్టం, తీసేసి వాగుని వాగులా పారనిస్తాం అంది. ఊరు రెండుగా చీలింది. ఒక పక్క మా చరిత్ర పోతోందని, ఇంకో పక్క వాగుకి దాని దారి దానికి ఇవ్వాలని. కోర్టుల దాకా వెళ్లారు. నన్నడిగితే వాగు వైపే. షేకర్లు మిల్లు తిప్పడానికి కట్టారు, ఇప్పుడు తిప్పడానికి మిల్లేదీ? మా ఇంటావిడ చెరువు వైపు. భోజనాల దగ్గర ఆ మాట ఎత్తం.

త్యాగయ్య_ఫ్యాన్:

మీ ఆవిడ వైపే నా ఓటు. ఆముదాలవలస గారూ, మీరు మారాక ఆరాధనకి తప్పకుండా రండి. 1978 నుంచి జరుగుతోంది. క్లీవ్‌లాండ్ స్టేట్ యూనివర్సిటీలో తమిళ, కన్నడ, మలయాళ జనమంతా కూర్చుని తెలుగులో "ఎందరో మహానుభావులు" పాడుతుంటే వినాలి. తెలుగువాళ్లం మనమే తక్కువ కనిపిస్తాం అక్కడ.

ఆముదాలవలస_అబ్బాయి:

తప్పకుండా వస్తామండీ. అందరికీ చాలా థాంక్స్, ఏజెంటు రెండు నెలల్లో చెప్పనిది మీరు చెప్పేశారు. మా ఆవిడకి చదివి వినిపించాను. లడ్లో దగ్గర ఆగి, "మొదట అద్దెకి ఉందాం, విన్స్లో రోడ్‌లోనే చూడు" అంది. ఒక ప్రశ్న. ఆసుపత్రి యూనివర్సిటీ సర్కిల్ పక్కన. ర్యాపిడ్ ఎక్కి వెళ్లొచ్చా? ఒకే కారు పెట్టుకుందామని ఆలోచన.

ర్యాపిడ్_రాజు:

రైలు పిచ్చోణ్ణి నేనే చెబుతున్నా, ఆఫీసు డౌన్‌టౌన్‌లో అయితే ఎగిరి ఎక్కేయండి. యూనివర్సిటీ సర్కిల్‌కి మాత్రం చుట్టుతిరుగుడు. బ్లూ లైన్‌లో ఈస్ట్ 55 దాకా పోయి, అక్కడ రెడ్ లైన్ పట్టుకుని మళ్లీ తూర్పుకి రావాలి. అన్నదమ్ములు జనాన్ని టెర్మినల్ టవర్‌కి దింపడానికి వేసిన పట్టాలు అవి, ఆసుపత్రికి కాదు. పొద్దున డ్యూటీకి బస్సో కారో మేలు. నైట్ డ్యూటీ అయితే కారే.

ఊరు చూడ్డానికి వచ్చినప్పుడు మాత్రం ఎక్కండి. టెర్మినల్ టవర్ కింద ఉన్న టవర్ సిటీ స్టేషన్‌లో గ్రీన్ లైన్ ఎక్కి గ్రీన్ రోడ్ దాకా వెళ్లి, అదే రైల్లో షేకర్ స్క్వేర్ దాకా వెనక్కొచ్చి దిగండి. ఎనిమిది మూలల చౌకు, 1929 నాటికి కట్టిన అంగళ్లు, చూడదగ్గది. అది షేకర్ హైట్స్‌లో లేదు, క్లీవ్‌లాండ్ హద్దులో ఉంది, ఏజెంటు అదీ ఇదీ కలిపి చెబితే నమ్మకండి. అక్కడే బ్లూ లైన్‌లోకి మారితే వాన్ ఏకెన్ వైపు వెళ్తుంది, విన్స్లో రోడ్ దాని పక్కనే. బోగీలు 1980ల మొదట్లో ఇటలీ నుంచి వచ్చినవి, కిటికీ పక్క సీటు చూసుకోండి. సిమెన్స్ వాళ్లవి కొత్తవి ఆర్డరిచ్చారు, అవొచ్చేలోగానే ఎక్కితే మంచిది. వారాంతాల్లో ఒక్కోసారి ట్రాక్ పనులుంటే రైలు బదులు బస్సులు నడుపుతారు. బయల్దేరే ముందు ఒకసారి చూసుకోండి.

సోలన్_సుబ్బడు:

ఆ బస్సులు కూడా సోలన్ రావు, నాకు తెలుసు. అద్దె ఇల్లు దొరికాక ఇక్కడ చెప్పండి అబ్బాయి గారూ, సామాను దింపడానికి నా పికప్ ట్రక్కు ఖాళీగానే ఉంటుంది.